పాప వంగడం లేదంటే బద్ధకం కాదు: ఎదిగే వయసులో నాట్యం

(విజయవాడలో ఒక వేసవి నాట్య శిబిరం చివరి రోజున తల్లిదండ్రులు, గురువుల కోసం ఒక ఫిజియోథెరపిస్టు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. గురువులకు పాదాభివందనం. పిల్లలూ, మీరు ముందుకొచ్చి కూర్చోండి. కాళ్ళు చాపుకోండి, పర్లేదు. పొద్దుట్నుంచీ ఆడి ఆడి అలిసిపోయారు.

తల్లుల్ని ఒక్క ప్రశ్న అడిగి మొదలుపెడతాను. పోయిన సంక్రాంతికి కుట్టించిన డ్యాన్సు డ్రెస్సు ఉంటుంది కదా, దాని పైజామా అప్పుడు గజ్జెల మీదకి వచ్చేది. ఇప్పుడు ఎక్కడిదాకా వస్తోంది? గజ్జెలకి నాలుగు వేళ్ళు పైనే ఆగిపోతోందా? చేతులెత్తండి. చూశారా, సగం మంది ఎత్తారు. ఇంకో ప్రశ్న. ఆ సగం మందిలో, "మా పాప ఇదివరకు బాగా చేసేదండీ, ఈమధ్య బద్ధకం వచ్చింది" అనుకుంటున్నవాళ్ళు ఎంతమంది? దించకండి, దించకండి. నేను తప్పు పట్టడానికి అడగట్లేదు. ఈ రెండు ప్రశ్నలకీ సంబంధం ఉంది, అది చెప్పడానికే వచ్చాను.

మొన్న ఒకావిడ కూతుర్ని తీసుకుని మా క్లినిక్‌కి వచ్చారు. పాపకి పన్నెండేళ్ళు. ఆరేళ్ళ నుంచి కూచిపూడి నేర్చుకుంటోంది. తల్లి చెప్పింది ఇదీ: "పోయినేడాది కాళ్ళు చాపి కూర్చుంటే తల మోకాళ్ళకి ఆనించేదండీ. ఇప్పుడు చేతివేళ్ళు పాదాలకి అందట్లేదు. రోజూ ప్రాక్టీసు చేస్తే ఇలా ఎందుకవుతుంది? ఫోన్ పట్టుకుని కూర్చుంటోంది." పాప ఏం మాట్లాడలేదు. బల్ల మీద కూర్చుని తన పాదాల వంక చూసుకుంటోంది. నేను అడిగాను, "ఇంట్లో ఎప్పుడైనా ఎత్తు కొలిచారా?" అని. తలుపు పక్కన పెన్సిల్‌తో గీసిన గీతలున్నాయన్నారు. ఇంటికి వెళ్ళి కొలిచి ఫోన్ చేశారు. పదకొండు నెలల్లో ఎనిమిది సెంటీమీటర్లు పెరిగింది. ఎనిమిది సెంటీమీటర్లు! ఆ పాపకి బద్ధకమా? ఆ పిల్ల ఒళ్ళు పగలూ రాత్రీ పనిచేస్తోంది.

అసలు ఏం జరుగుతుందో చెప్తాను. ఆడపిల్లల్లో సగటున పన్నెండేళ్ళు నిండే ముందు, మగపిల్లల్లో పద్నాలుగు దగ్గర్లో ఎత్తు ఒక్కసారిగా ఊపందుకుంటుంది. ఆ ఏడాదిలో ఆడపిల్లలు ఎనిమిది సెంటీమీటర్ల దాకా, మగపిల్లలు తొమ్మిది పది దాకా పెరుగుతారు. సగటు అంటున్నాను, గుర్తుపెట్టుకోండి. ఒక పాపకి పదింటికే రావచ్చు, ఇంకో పాపకి పదమూడు దాటాక రావచ్చు. రెండూ మామూలే. ఒకే క్లాసులో ఒకే వయసున్న ఇద్దరు పిల్లల్ని పక్కపక్కన నిలబెట్టి పోల్చకండి అని అందుకే అంటాను. ఒకామె ఒళ్ళు ఇంకా చిన్నపిల్లది, రెండో ఆమె ఒళ్ళు ఆ దశ దాటేసింది.

ఇంకో మాట. మన ఇళ్ళల్లో పిల్ల పెద్దమనిషి అయ్యాక ఒళ్ళు మారిందని అనుకుంటాం. నిజానికి మొదటి నెలసరి వచ్చేనాటికి ఆ వేగం చాలామందిలో దాటిపోయి ఉంటుంది. వేగంగా ఎదిగిన ఏడాది తర్వాత, ఇంచుమించు ఒక ఏడాదికి, నెలసరి వస్తుంది. అంటే మనం కనిపెట్టి ఉండాల్సిన కాలం అంతకుముందే మొదలవుతుంది. మనకి తెలిసేసరికి సగం అయిపోతుంది.

ఎదగడం కూడా ఒక్కసారిగా అన్ని చోట్లా జరగదు. ముందు పాదాలు. చెప్పులు మూడు నెలలకే బిగుతైపోతాయి, చూడండి. తర్వాత కాళ్ళు. ఆ తర్వాత నడుము పైభాగం. అందుకే ఆ వయసు పిల్లలు కొన్నాళ్ళు కొంగ కాళ్ళేసుకున్నట్టు కనిపిస్తారు. ఎముక ముందు పొడుగవుతుంది. కండరం ఆ లాగుడుకి తర్వాత పొడుగవుతుంది. ఇంట్లో బీరపాదు పెట్టినవాళ్ళకి తెలుసు కదా, పందిరి ముందు లేస్తుంది, తీగ తర్వాత అల్లుకుంటుంది. ఈ మధ్యలో ఉన్న కొన్ని నెలల్లో తొడ వెనక కండరాలు, పిక్కలు, తొడ ముందు కండరాలు తాళ్ళలా బిగుసుకున్నట్టు ఉంటాయి. అందరిలోనూ ఒకేలా ఉండదు, కొందరికి తేడానే తెలియదు. కానీ చాలామందిలో చూస్తాం. ఆ పాప చేతివేళ్ళు పాదాలకి అందకపోవడానికి కారణం అదే. కాళ్ళు ముందు పొడుగయ్యాయి, నడుము ఇంకా అంతే ఉంది. ఎలా అందుతాయి చెప్పండి?

వంగడం సంగతి అదీ. ఇక బలం సంగతి చూద్దాం, నాకు అసలు దిగులు అక్కడే. ఇదిగో నీళ్ళ సీసా, లీటరుది. అన్నయ్యగారూ, మీరు పట్టుకోండి. గుండెకి దగ్గరగా పట్టుకోండి. బరువుందా? లేదు కదా. ఇప్పుడు చెయ్యి పూర్తిగా ముందుకి చాపి పట్టుకోండి. అలాగే ఉంచండి, దించకండి, నేను మాట్లాడుతూ ఉంటాను. సీసా బరువు మారిందా? మారలేదు. దూరం మారింది, అంతే. ఇప్పుడు ఆలోచించండి, ఏడాదిలో కాలు పొడుగైంది, బరువూ పెరిగింది. తుంటి దగ్గర కండరం మాత్రం ఇంకా పోయినేడాది కండరమే. ఆ కాలిని ఎత్తి నిలబెట్టడానికి, దూకి దిగడానికి, తిరిగి ఆగడానికి పోయినేడాది కంటే ఎక్కువ బలం కావాలి. ఆ బలం ఎత్తు వెనకాల కొన్ని నెలలు ఆలస్యంగా వస్తుంది. మగపిల్లల్లో ఆ తేడా మరీ బాగా కనిపిస్తుంది, ఎత్తు పెరిగిన ఆరు నెలలకో ఏడాదికో కండ వస్తుంది. అన్నయ్యగారూ, చెయ్యి దించేయండి, వణుకుతోంది. ఆ వణుకు అందరూ చూశారు కదా. అరమండిలో, అంటే మోకాళ్ళు పక్కలకి విప్పి సగం కూర్చున్న భంగిమలో, మీ పాప తొడ వణికేది కూడా అదే వణుకు.

అంతే కాదు. మెదడుకి ఈ పొడుగు కాళ్ళు కొత్త. నిన్నటిదాకా పాదం ఎక్కడ పడుతుందో తెలుసు, ఇవాళ రెండు వేళ్ళు అవతల పడుతోంది. భ్రమరి, అదే గిరగిరా చుట్టు, తిరిగితే ఆగదు. తరంగంలో, అంటే ఇత్తడి పళ్ళెం మీద నిలబడి ఆడే అంశంలో, పళ్ళెం అంచు మీద చక్కగా నడిచిన పిల్ల జారుతుంది. అప్పుడు ఏమంటాం? "ధ్యాస లేదు" అంటాం. ధ్యాస ఉందమ్మా. లెక్క మారింది.

ఇప్పుడు ఎముకల సంగతి. ఎదిగే పిల్లల ఎముక చివర్లలో గ్రోత్ ప్లేట్లు ఉంటాయి. మెత్తటి మృదులాస్థి, అక్కడి నుంచే ఎముక పెరుగుతుంది. పెద్దవాళ్ళలో లిగమెంటు, అంటే కీలుని పట్టి ఉంచే తాడు, తెగే దెబ్బకి పిల్లల్లో ఆ మెత్తటి చోటు దెబ్బతినొచ్చు. కండరం బిగుసుకుని ఉంది, దాని కొస ఆ మెత్తటి చోట అతుక్కుని ఉంది, రోజూ వందలసార్లు పాదం నేలకేసి కొడుతున్నాం. ఏమవుతుంది? మడమ వెనక నొప్పి. మోకాలి చిప్ప కింద చిన్న బుడిపెలా లేచి, ముట్టుకుంటే నొప్పి. ఇవి ఎక్కువగా చూసేవి. ఆట తగ్గిస్తే, కండరాలు వదులైతే, ఎముక కలిసిపోయాక తగ్గిపోయేవే. కానీ నడుం నొప్పి అలా కాదు. వెనక్కి వంగినప్పుడు నడుం కింద ఒక పక్క నొప్పి, రెండు మూడు వారాలైనా తగ్గకపోతే, దయచేసి ఆయింట్‌మెంట్ రాసి ఊరుకోకండి. వెన్నుపూసలో సన్నటి బీట పడి ఉండొచ్చు. వెనక్కి బాగా వంగే జిమ్నాస్టిక్స్ పిల్లల్లో, నాట్యం పిల్లల్లో అది వస్తుంది. ఎముకల డాక్టరుకి చూపించాలి.

ఇంకొకటి. ఎత్తు ముందు పెరుగుతుంది అన్నాను కదా, ఆ ఎముకలోకి ఖనిజం నిండడం ఆరు నెలల నుంచి ఏడాది దాకా వెనకబడుతుంది. ఇల్లు కట్టించినవాళ్ళు ఉంటారు ఇక్కడ. స్లాబు పోసిన మర్నాడే సెంట్రింగ్ చెక్కలు తీసేసి, పైన వాటర్ ట్యాంకు పెడతామా? నీళ్ళు పెడతాం, రోజులు ఆగుతాం. మరి సరిగ్గా అదే కాలంలో పిల్లకి వార్షికోత్సవం, పోటీలు, నృత్యనాటకం, సర్టిఫికెట్ పరీక్ష అన్నీ ఒకే నెలలో పెడితే ఎలా?

నా సంగతి ఒకటి చెప్తాను. నేను తొమ్మిదేళ్ళు నాట్యం నేర్చుకున్నాను. పదమూడేళ్ళప్పుడు నాకు ఇలాగే అయింది. అరమండి కిందకి దిగట్లేదు. గోడకి ఆనుకుని, పాదాలు రెండూ కలిపి, మోకాళ్ళు పక్కలకి పరిచి కూర్చోబెట్టారు, పిల్లలు సీతాకోకచిలుక అంటారు కదా, అలాగ. నా తొడల మీద ఒకరు నిలబడ్డారు. పేరు అక్కర్లేదు. నా మీద ప్రేమతోనే చేశారు, వాళ్ళకి వాళ్ళ గురువు చేసిందే నాకు చేశారు. ఆ రోజు తొడ సందులో ఏదో టక్కుమంది. ఆ శబ్దం నాకిప్పటికీ గుర్తు. నొప్పి అని చెప్పాను. "నొప్పి లేకుండా విద్య వస్తుందా?" అన్నారు. నేను ఇంటికెళ్ళి మెట్లు పక్కవాటుగా ఎక్కాను. మా అమ్మకి చెప్పలేదు, చెప్తే మానిపిస్తుందని. నాలుగు నెలలు నాట్యం ఆగిపోయింది. ఆ ఏడు రుక్మిణి వేషం నాకిచ్చారు, వేరే అమ్మాయి వేసింది. నేను ముందు వరసలో కూర్చుని చూశాను.

అందుకని ఇక్కడున్న గురువులకి చేతులెత్తి దణ్ణం పెట్టి అడుగుతున్నాను. పిల్ల మోకాళ్ళ మీద నొక్కకండి. తొడల మీద కాళ్ళు పెట్టకండి. వీపు మీద కూర్చోకండి. ముందుకి వంగినప్పుడు పైనుంచి తోయకండి. ఎదిగే ఏడాదిలో అస్సలు వద్దు. పిల్ల తన బలంతో ఎంత వెళ్తుందో అంత. అంతే.

"మరి అరమండి ఎలా వస్తుందండీ?" అంటారు. రండి, చూపిస్తాను. ఒక అమ్మాయి రా తల్లీ. నువ్వు, నీలం చున్నీ. భయం లేదు, ఇది పరీక్ష కాదు. అరమండిలో కూర్చో. బాగుంది. అందరూ ఎక్కడ చూస్తున్నారు? పాదాలు ఎంత పక్కకి తిరిగాయో చూస్తున్నారు. అందరం అదే చూస్తాం. ఇప్పుడు మోకాళ్ళు చూడండి. పాదాలు గోడల వైపు చూస్తున్నాయి, మోకాళ్ళు మాత్రం మీ వైపు, ముందుకి చూస్తున్నాయి. మోకాలి కింద నుంచి కాలు మెలిపడింది. గుడ్డ పిండినట్టు మోకాలిని పిండుతున్నాం. ఇంకా కిందకి చూడండి, పాదం లోపలి వంపు నేలకి ఆనిపోయింది. నడుం వెనక గుంట పడింది, కడుపు ముందుకొచ్చింది. ఇన్ని చోట్ల దొంగతనం చేస్తే ఆ పాదాలు అంత తిరిగాయి.

తల్లీ, ఇప్పుడు లేచి నిలబడు. పాదాలు కొంచెం తగ్గించు, ఇంకొంచెం. ఇప్పుడు మోకాలు రెండో వేలి మీదకి వచ్చేట్టు మెల్లగా కూర్చో. పిరుదుల పక్కన బిగించు. అదీ! ఇప్పుడు చూడండి. లోతు తగ్గింది, పాదాలు తగ్గాయి. కానీ చూడటానికి ఎలా ఉంది? ఎదురుగా నేను తోస్తున్నాను, కదులుతోందా? కదలట్లేదు. ఇందాక వేలితో తోసినా పడిపోయేది. ఎంతసేపు ఉండగలవు అమ్మా? చూశారా, నవ్వుతోంది. వెళ్ళి కూర్చో బంగారం, చాలా బాగా చేశావు.

పక్కకి తిరగడం తుంటి నుంచి రావాలి. తుంటి గిన్నె ఎటు చూస్తోంది, తొడ ఎముక మెడ ఎంత మెలితిరిగి ఉంది, ఇది పుట్టుకతో వచ్చేది. చిన్నప్పుడు కొంత మారుతుంది. ఈ వయసుకి వచ్చాక ఎముక ఆకారాన్ని సాగదీసి మార్చలేం. ఎంత నొక్కినా మారదు. నొక్కితే మారేది మోకాలు, చీలమండ, అవీ చెడేవైపే మారతాయి. ప్రతి పిల్లకీ తనకి రాసిపెట్టిన అరమండి ఒకటుంటుంది. దాన్ని బలంతో నిలబెట్టుకోవడం నేర్పాలి.

మనవాళ్ళకి ఇది తెలియదా? అభినయదర్పణమనే పాత నాట్యగ్రంథంలో పాత్ర ప్రాణాలు, అంటే ఆడేవాళ్ళకి ఉండాల్సిన గుణాలు, పది చెప్పారు, ఇక్కడ పిల్లలందరికీ కంఠతా వచ్చు. చెప్పండి చూద్దాం. జవము, స్థిరత్వము, రేఖ, భ్రమరి, దృష్టి, అశ్రమము, మేధ, శ్రద్ధ, వచస్సు, గీతము. శభాష్. ఇందులో ఎంత వంగావు అనేది ఎక్కడుంది? రేఖలో కొంత ఉందనుకుందాం. కానీ స్థిరత్వం రెండో మాటే. అశ్రమం ఉంది, అంటే అలుపు కనపడకుండా ఆడటం. స్థిరత్వం ఎక్కడి నుంచి వస్తుంది? కండరం బలం నుంచి వస్తుంది. అశ్రమం? అదీ అక్కడి నుంచే. నేను కొత్తగా ఏం చెప్పట్లేదు, మీరు నేర్పే శ్లోకమే చెప్తున్నాను.

ఇప్పుడు రెండో రకం పిల్లల గురించి. క్లాసులో ఒకరో ఇద్దరో ఉంటారు, రబ్బరు బొమ్మల్లా వంగుతారు. ఎదిగే ఏడాదిలో కూడా వాళ్ళకి బిగుతు రాదు. అందరం మురిసిపోతాం, వాళ్ళనే ముందు వరసలో పెడతాం. పిల్లలూ, అందరూ బొటనవేలు వెనక్కి వంచి ముంజేతికి ఆనించండి. ఆనిందా ఎవరికైనా? చిటికెనవేలు వెనక్కి నిలువుగా లేస్తుందా? మోచెయ్యి చాపితే వెనక్కి విల్లులా వంగుతుందా? మోకాలు? నిలబడి, మోకాళ్ళు వంచకుండా అరచేతులు నేలకి ఆనతాయా? ఇవన్నీ వచ్చినవాళ్ళకి కీళ్ళు వదులుగా ఉన్నాయని అర్థం. అది జబ్బు కాదు. కానీ ఆ పిల్లలకి కీలుని పట్టి ఉంచే తాడు వదులు, కాబట్టి కండరమే పట్టి ఉంచాలి. ఈ పిల్లల చేత ఇంకా ఇంకా స్ట్రెచింగ్ చేయిస్తాం, బాగా వస్తుంది కదా అని. అది అస్సలు చేయకూడని పని. వాళ్ళకి కావలసింది బలం. వాళ్ళకే చీలమండలు మడతపడతాయి, వాళ్ళకే మోకాలి చిప్ప పక్కకి జారుతుంది. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది బిగుసుకున్న పిల్లలు కాదండీ, ఈ మెచ్చుకున్న పిల్లలే.

బలం ఎలా? జిమ్‌కి పంపాలా అని అడుగుతారు. అక్కర్లేదు. మనకి తెలిసినవే. వినాయకుడి ముందు తీసే గుంజీలు ఉన్నాయి కదా, చెవులు పట్టుకుని? అవే. మెల్లగా, మోకాలు వేలి మీదుగా వెళ్ళేట్టు, పది చొప్పున మూడుసార్లు. స్కూల్లో శిక్షగా వేయించే గోడకుర్చీ. ఇరవై సెకన్లతో మొదలుపెట్టి వారానికి ఐదు సెకన్లు పెంచండి. గోడ పట్టుకుని ఒంటికాలి మీద మడమ ఎత్తడం, దించేటప్పుడు మూడు లెక్కపెడుతూ దించాలి. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుం పైకెత్తడం. పక్కకి పడుకుని మోకాళ్ళు మడిచి, మడమలు విడిపోకుండా పై మోకాలు మాత్రం తెరవడం. ఇది చూడటానికి ఏమీ లేనట్టుంటుంది, పదోసారికి పిరుదు పక్కన మంట పుడుతుంది. అరమండి పట్టేది ఆ కండరమే. వారానికి మూడు రోజులు, పావుగంట. ఐదేళ్ళ నుంచి పదిహేడేళ్ళ పిల్లలకి వారానికి కనీసం మూడు రోజులు కండరాలకి, ఎముకలకి బలమిచ్చే కసరత్తు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. కసరత్తు చేస్తే ఎత్తు ఆగిపోతుందని అమ్మమ్మలు అంటారు. ఆగదు. పెద్దవాళ్ళు దగ్గరుండి, సరైన తీరులో చేయిస్తే ఎత్తుకి ఏ ఇబ్బందీ లేదు.

స్ట్రెచింగ్ మానేయమని కాదు. ఒళ్ళు వేడెక్కాక చేయండి, క్లాసు అయిపోయాక చేయండి. పొద్దున్నే మంచం దిగి చల్లటి ఒంటితో వద్దు. ఇరవై, ముప్ఫై సెకన్లు చాలు. తొడ మధ్యలో లాగినట్టుంటే మంచిది. మోకాలి వెనకో, తొడ సందులోనో, నడుంలోనో పొడిచినట్టుంటే వెంటనే ఆపాలి. లాగడం వేరు, పొడవడం వేరు. పిల్లలూ, ఈ తేడా మీకే తెలుస్తుంది, మాకు తెలియదు. చెప్పాలి. నాలాగా దాచుకోకూడదు.

ఎదుగుదల జోరుగా ఉన్న ఆ కొన్ని నెలలు ఎగురుళ్ళు తగ్గించండి. మండి అడుగులు, అంటే పూర్తిగా కింద కూర్చుని వేసేవి, మోకాళ్ళ మీద దిగడం తగ్గించండి. అడుగులు మూడో కాలంలో, అంటే బాగా వేగంగా, వందసార్లు వేయించే బదులు మొదటి కాలంలో, నెమ్మదిగా, ఇరవైసార్లు, తీరు చూసి వేయించండి. పళ్ళెం కొన్నాళ్ళు పక్కన పెట్టండి. పాశ్చాత్యుల బాలే నాట్యంలో పిల్లల్ని కాలివేళ్ళ కొసల మీద నిలబెట్టే ముందు వయసొకటే కాదు, చీలమండ బలం, ఒంటి నిలకడ చూస్తారు. పన్నెండేళ్ళ లోపు సాధారణంగా ఎక్కించరు. మనకి పళ్ళెం ఉంది, దానికి అలాంటి లెక్క లేదు. నేనైతే ఒంటికాలి మీద ఇరవైసార్లు మడమ ఎత్తి, కళ్ళు తెరిచి అర నిమిషం ఊగకుండా నిలబడ్డాకే పళ్ళెం ఇవ్వమంటాను. ఇది నా లెక్క. గురువులు ఇంతకంటే మంచి లెక్క పెట్టుకోవచ్చు.

ఆ మిగిలిన టైములో ఏం చేయించాలి? అభినయం ఉంది! తాళం ఉంది, సాహిత్యం ఉంది, తాళాలు వాయిస్తూ జతులు చెప్పే నట్టువాంగం నేర్పించండి. కూర్చుని పదం అభినయించడానికి ఇంతకంటే మంచి ఏడాది దొరకదు. పిల్ల వెనకబడిపోదు.

నేల గురించి ఒక్క మాట. అపార్ట్‌మెంట్ సెల్లార్లో, గ్రానైట్ మీద, ఉత్త కాళ్ళతో. తప్పదు, నాకు తెలుసు. అందరికీ చెక్క నేల ఎక్కడ దొరుకుతుంది? కానీ దూకే అడుగులైనా చాప మీదో, మందపాటి మ్యాట్ మీదో వేయించగలమేమో చూడండి.

తిండి. ఇది తల్లులకే కాదు, నాన్నలకి కూడా. పెద్దయ్యాక ఎముకల్లో ఉండే ఖనిజంలో దాదాపు నాలుగో వంతు ఎదిగే వయసులో ఒక్క రెండేళ్ళలోనే చేరుతుంది. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, 13 నుంచి 15 ఏళ్ళ ఆడపిల్లకి రోజుకి 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని వాళ్ళ లెక్క. వంద గ్రాముల రాగుల్లో ఇంచుమించు 350 ఉంటుంది. రాగి జావ, రాగి సంకటి, పాలు, పెరుగు, నువ్వులుండలు. మన వంటింట్లో ఉన్నవే. ఇక రక్తం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత. మూడో కాలంలో ఆయాసపడే పిల్లకి ముందు హిమోగ్లోబిన్ చూపించండి. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండండి, అన్నం తిన్న వెంటనే టీ ఇవ్వకండి.

ఈ వయసులో ఆడపిల్ల ఒళ్ళు చేస్తుంది. తుంటి వెడల్పవుతుంది. అవ్వాలి కూడా. డ్రెస్సు కొలతలు తీసేటప్పుడు, మేకప్ గదిలో, అందరి ముందు "లావయ్యావేంటే" అనకండి. ఆ ఒక్క మాటకి రాత్రి భోజనం మానేసిన పిల్లల్ని నేను చూశాను. తిండి తగ్గి, ఆట పెరిగితే నెలసరి ఆగిపోతుంది, ఎముక పలచబడుతుంది. మొదలైన నెలసరి మూడు నెలలు వరసగా రాకపోయినా, పదిహేనేళ్ళు నిండినా మొదలవ్వకపోయినా డాక్టరుకి చూపించాలి. ప్రోగ్రాములున్నాయి, రాకపోతేనే హాయి అనుకోకూడదు. నెలసరి రోజుల్లో ఆడొచ్చా అంటే, పిల్లకి ఓపికుంటే ఆడొచ్చు. ఒంటికి ఏ హానీ లేదు.

వెనక నిలబడ్డ అబ్బాయిలు, మీరేం అనుకోకండి. కూచిపూడి అగ్రహారంలో తరతరాలుగా ఆడింది మీలాంటి అబ్బాయిలే. వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామ వేషం కడితే జనం కళ్ళు తిప్పుకోలేకపోయేవారు. మీకు పద్నాలుగు దగ్గర ఆడపిల్లల కంటే ఎక్కువ బిగుతు వస్తుంది, మోకాలి కింద బుడిపె మీలోనే ఎక్కువ. ఇది చూసి మానేయకండి. ఏడాది ఆగితే, ఎవరికీ లేని బలం వస్తుంది మీకు.

చివరగా రంగప్రవేశం, అంటే పిల్ల ఒంటరిగా చేసే మొదటి పూర్తి కచేరీ. పన్నెండింటికి, పదమూడింటికి పెట్టాలని తొందర. టెన్త్ వచ్చేస్తుంది, తర్వాత ఇంటర్, ఇక కుదరదని. అమెరికాలో ఉన్నవాళ్ళు కాలేజీకి వెళ్ళే ముందు, పదహారు పదిహేడుకి పెడుతున్నారు. వాళ్ళ కారణాలు వాళ్ళవి, కానీ ఒంటికి అదే మంచిది. రెండు గంటల కచేరీ ఎదుగుదల జోరు మధ్యలో పడకుండా చూసుకోండి. జోరు ఎప్పుడో ఎలా తెలుస్తుంది? చాలా తేలిక. మూడు నెలలకోసారి, పొద్దున్నే, చెప్పుల్లేకుండా గోడకి నిలబెట్టి గీత గీయండి. సాయంత్రానికి అందరం ఓ సెంటీమీటరు దాకా తగ్గుతాం, అందుకే పొద్దున్నే అంటున్నాను. మూడు నెలల్లో రెండు సెంటీమీటర్లు దాటితే జోరులో ఉన్నట్టే. ఆ గీత ఫొటో తీసి గురువుగారికి పంపండి. గురువులు అటెండెన్సు పుస్తకంలోనే పక్కన ఒక గడి పెట్టుకోండి.

నేను టేపు తెచ్చాను. ఆ స్తంభానికి అంటించాను కూడా. ఇప్పుడు సాయంత్రమే అయినా పర్లేదు, మొదటి గీత ఇక్కడే పడనివ్వండి. ఆగస్టులో మళ్ళీ సాయంత్రమే కొలుద్దాం. పిల్లలూ, గజ్జెలు విప్పండి, జడ పైకి కట్టినవాళ్ళు ముడి కిందకి దించండి. వరసగా రండి. ముందు నువ్వు రా తల్లీ, నీలం చున్నీ. మడమలు గోడకి ఆనించు. తల నిటారుగా.